అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్: అత్తయ్యతో విమానం మారిన నా అనుభవం

మా అత్తయ్యని చికాగో తీసుకెళ్ళే పని నా మీద పడినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఏ ఊళ్ళో విమానం మారాలన్నది. హైదరాబాద్ నుంచి చికాగోకి 2021లో నేరుగా ఒక విమానం మొదలైంది గానీ అది నిలవలేదు. దుబాయ్, దోహా, అబుదాబి, లేదంటే యూరప్ వైపు. చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండే మా మరిది దుబాయ్ అన్నాడు. మా ఆయన "ఏ ఊరైతే ఏముంది, దిగడం ఎక్కడమే కదా" అన్నాడు. నేను అబుదాబి అని పట్టుబట్టాను.

కారణం ఉంది. అబుదాబిలో అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే అయిపోతాయి. అమెరికా అధికారులే అక్కడ కూర్చుని పాస్‌పోర్టు చూసి, వేలిముద్రలు తీసుకుని పంపిస్తారు. దీన్ని ప్రీక్లియరెన్స్ అంటారు. కెనడా, ఐర్లాండ్‌లలో, కరీబియన్ వైపు కొన్నిచోట్ల కూడా ఉంది గానీ గల్ఫ్ దారిలో ఇదొక్కటే. 2014 జనవరిలో మొదలుపెట్టారు. ఇక్కడ పని పూర్తయితే చికాగోలో దిగాక ఇమిగ్రేషన్ లైను ఉండదు, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌లో దిగినట్టు నడిచి బయటికి వెళ్ళిపోవచ్చు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు. దాదాపు పదిహేను గంటలు కూర్చుని లేచాక మళ్ళీ లైనులో నిలబెట్టడం కంటే మధ్యలోనే ఆ పని తేల్చుకుంటే నయం అనుకున్నాను.

అయితే దీనికి ఇంకో వైపు ఉంది. మామూలుగా విమానం మారేటప్పుడు ఒకసారి సెక్యూరిటీ చెక్ దాటి రెండో గేటుకి వెళితే సరిపోతుంది. అబుదాబిలో అమెరికా విమానానికి అలా కాదు. సెక్యూరిటీ ఉంటుంది, ఆ తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్ కూడా ఆ మధ్య దొరికిన టైములోనే జరగాలి. టికెట్ మీద రెండున్నర గంటలు, మూడు గంటలు అని చూసి "బోలెడు టైముంది, తిరిగి చూడొచ్చు" అనుకునేవాళ్ళుంటారు. మా టికెట్‌లో దాదాపు మూడు గంటలు ఉంది. అది నాకు సరిగ్గా సరిపోయేదిగా కనిపించింది తప్ప ఎక్కువగా కనిపించలేదు.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండేలా చూసుకున్నాను. కొందరు హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా ఒక చవక టికెట్, అక్కడి నుంచి ఇంకొకటి విడిగా కొంటారు. మొదటిది లేటై రెండోది తప్పిపోతే అప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్ళదే. మిగిల్చిన డబ్బు కంటే ఆ ధైర్యం ఎక్కువ.

ఇక సామాను. అత్తయ్య కందిపొడి, కరివేపాకు పొడి, సున్నిపిండి అన్నీ చేతి సంచిలోనే పెట్టుకున్నారు. "పెట్టెలో పెడితే సీసాలు పగిలి మూత ఊడుతుంది, ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోతా" అని. 2018 నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో చేతి సామానులో 350 మిల్లీలీటర్ల డబ్బా కంటే ఎక్కువ పొడి ఉంటే విడిగా తనిఖీ చేస్తున్నారు, అదేంటో తేలకపోతే పారేయిస్తారు. శంషాబాద్‌లో ఏమీ అనకపోవచ్చు, అమెరికా విమానం ఎక్కే చోట అంటారు. ఈ సంగతి చెబితే ఆవిడ నమ్మలేదు. "పొడితో ఏం చేస్తామమ్మా, కళ్ళల్లో కొడతామా?" అన్నారు. నిజానికి వాళ్ళ భయం ఇంచుమించు అలాంటిదే అని చెప్పి, అన్నీ కవర్ మీద కవర్ వేసి పెద్ద పెట్టెలోకి మార్చాను. పచ్చి కరివేపాకు, పళ్ళు ఇంట్లోనే ఆపేశాను. చికెన్ పచ్చడి దగ్గర పెద్ద గొడవే అయింది. మాంసం పచ్చడి అమెరికాలోకి రానివ్వరు. ఆ సీసా చివరికి మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది.

వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టాను. దీంట్లో రకాలు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో కోడ్. మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటు దాకా మోసుకెళ్ళాల్సిన వాళ్ళకి డబ్ల్యూసీహెచ్‌సీ. అత్తయ్యకి మొదటిది. మన హైదరాబాద్ విమానాల్లో వీల్‌చైర్ అడిగేవాళ్ళు చాలామంది ఉంటారని అందరికీ తెలుసు. అందులో చాలామందికి కాళ్ళు బాగానే ఉంటాయి, దారి తెలియదని, భాష రాదని పిల్లలు రాయిస్తారు. నేను తప్పు పట్టను. ఒక్కరే ప్రయాణం చేసే తల్లికి అంత పెద్ద చోట ఇంకో దిక్కు ఏముంది? కానీ దాని ఫలితం ఏమిటో నాకు అబుదాబిలో తెలిసింది.

జనవరి నెల. తెల్లవారుజామున విమానం. ఎక్కి కూర్చున్నాక పొగమంచు. రన్‌వే కనిపించడం లేదని కెప్టెన్ చెప్పాడు, కదలడానికి గంట పైనే పట్టింది. అప్పటి నుంచి నా బుర్రలో కూడికలు తీసివేతలే. ఏడింటికి దిగాల్సింది ఎనిమిదీ పదికి దిగుతాం. చికాగో విమానం తొమ్మిదీ యాభైకి. మిగిలింది గంటా నలభై నిమిషాలు. దాన్లో గేటు మూసే టైము తీసేయాలి. అత్తయ్య మాత్రం హాయిగా పులిహోర తిని నిద్రపోయారు.

విమానం గాలిలో ఉండగానే ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి చికాగో విమానం సంగతి చెప్పాను. ఆమె లిస్టు చూసి, ఈ విమానంలో చికాగో వాళ్ళు చాలామంది ఉన్నారని, కింద వాళ్ళకి ఆ సంగతి ఇప్పటికే తెలుసని చెప్పింది. అది విన్నాక సగం టెన్షన్ తగ్గింది. ఒక్కరి కోసం విమానం ఆగదు. నలభై మంది ఖాళీ సీట్లతో వెళ్ళిపోవడం మాత్రం వాళ్ళకీ ఇష్టముండదు, అంతమందిని తర్వాత ఎక్కడ సర్దాలి? లేటైనప్పుడు తమతో పాటు అదే విమానానికి ఇంకెంతమంది ఉన్నారో కనుక్కుంటే పరిస్థితి ఎంత ప్రమాదమో ఒక అంచనా వస్తుంది.

దిగాక తలుపు దగ్గర ఒకమ్మాయి చికాగో అని బోర్డు పట్టుకుని నిలబడింది. చికాగో వాళ్ళందరూ ఆమె వెనక పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. వీల్‌చైర్ వాళ్ళు ఆఖరున దిగాలి. మా ముందు పద్నాలుగో పదిహేనో కుర్చీలకి మనుషులు వరసగా ఉన్నారు. ఆ అమ్మాయి వీపు మలుపు తిరిగి కనబడకుండా పోవడం చూస్తూ నిలబడ్డాను. నడిపించి తీసుకెళ్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను. అత్తయ్య మోకాళ్ళతో ఆ దూరం నలభై నిమిషాలు. కుర్చీ కోసం ఇరవై నిమిషాలు ఆగినా అదే ముందు చేరుతుంది. ఆగాను.

కుర్చీ తోయడానికి వచ్చినవాడు నేపాల్ కుర్రాడు. ఈ పెద్ద విమానాశ్రయాల్లో ఇంకో పద్ధతి ఉంది. వీల్‌చైర్ వాళ్ళందర్నీ ముందు ఒకచోట చేర్చి కూర్చోబెడతారు, తర్వాత ఒక్కొక్కరి గేటు ప్రకారం మళ్ళీ పంచుతారు. నాలుగైదు గంటల టైమున్న వాళ్ళకి అది బాగానే ఉంటుంది. మాకు కాదు. అందుకే అతనికి నమస్తే చెప్పి, బోర్డింగ్ పాస్ కళ్ళ ముందు పెట్టి, "చికాగో, యూఎస్ ప్రీక్లియరెన్స్, తొమ్మిదీ యాభై" అని హిందీలో రెండుసార్లు చెప్పాను. అతను వాచీ చూసుకుని, వాకీటాకీలో ఏదో మాట్లాడి, వరస లోంచి మా కుర్చీని పక్కకి తీసి కదిలాడు. అక్కడి నుంచి అతనే మాకు దేవుడు. మామూలు జనం వెళ్ళే దారి వేరు, అతను తీసుకెళ్ళిన లిఫ్టులు వేరు.

2023 నవంబరులో తెరిచిన కొత్త టెర్మినల్ ఇది. పైనించి చూస్తే ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా ఉంటుందట. నాలుగు కొమ్మలూ మధ్యలో కలుస్తాయి. ఏ కొమ్మలో దిగినా మధ్యకి వచ్చి మళ్ళీ ఇంకో కొమ్మలోకి వెళ్ళాలి. ఏడాదికి 4.5 కోట్ల మందికి సరిపోయేలా కట్టారు, ఆ నడక ఎంతో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. మధ్యలో 22 మీటర్ల ఎత్తు శిల్పం ఒకటి ఉంది. అందరూ ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. అత్తయ్య తల వెనక్కి వంచి చూసి "ఆగి చూద్దామా?" అన్నారు. "వచ్చేటప్పుడు చూద్దాం అత్తయ్యా" అన్నాను.

సెక్యూరిటీ దగ్గర లాప్‌టాప్‌తో పాటు నాతో చెప్పులు కూడా తీయించారు. అత్తయ్య గాజులు చేతికి బిగిసి రావు. తీయమని ఎవరూ అడగలేదు, ఒక లేడీ ఆఫీసర్ పక్కకి తీసుకెళ్ళి చేత్తో తడిమి చూసి పంపింది. మంగళసూత్రం చూపించమంటే చూపించారు. పక్క లైనులో ఒకాయన సంచిలోంచి కిలో కారం ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టారు, దాని చుట్టూ ఇద్దరు ఆఫీసర్లు చేరారు. అత్తయ్య నావైపు చూశారు. నేను ఏమీ అనలేదు.

సెక్యూరిటీ దాటేసరికి తొమ్మిది దాటింది. ఇక పర్వాలేదు అనుకున్నాను. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

ప్రీక్లియరెన్స్‌లో ఒక విషయం చాలామందికి తెలియదు. పెట్టెలు హైదరాబాద్‌లోనే చికాగో దాకా ట్యాగ్ వేసి తీసుకుంటారు, అబుదాబిలో మనం వాటిని చూడం, తాకం. కానీ మన పెట్టెలు మొదటి విమానం నుంచి దిగి, వాళ్ళ స్కానింగ్‌లోకి చేరి, వాటి ఫోటోలు కంప్యూటర్‌లోకి వస్తే తప్ప ఇమిగ్రేషన్ ఆఫీసర్ ముందుకి మనల్ని పంపరు. కస్టమ్స్ కూడా ఇక్కడే అయిపోవాలి కదా, ఏ పెట్టె ఎవరిదో తేలకుండా ఎలా? మనిషి పరిగెత్తి వచ్చినా లాభం లేదు, పెట్టె కూడా రావాలి. లేటైన విమానం నుంచి సామాను దించడానికి పట్టే టైము మన చేతుల్లో ఉండదు.

కౌంటర్‌లో అమ్మాయి మా బోర్డింగ్ పాసులు స్కాన్ చేసి, "మూడు పెట్టెలు వచ్చాయి, ఒకటి రాలేదు, కూర్చోండి" అంది. అక్కడ అప్పటికే మా విమానంలోంచి పరిగెత్తి వచ్చినవాళ్ళు చాలామంది కూర్చుని ఉన్నారు! బోర్డు వెనక పోయిన చికాగో జనం సగం మంది అక్కడే. మేం ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నామని నేను ఏడ్చింది దేనికో మరి.

కాసేపటికొకసారి ఎవరో ఒకర్ని పిలుస్తున్నారు. నేను కౌంటర్‌కీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాను. తొమ్మిదీ ఇరవై. విమానం తప్పిపోతే ఏం చేయాలో కూడా ఆలోచించేశాను. అమెరికా వీసా ఉన్న భారతీయులకి యూఏఈలోకి అక్కడికక్కడే వీసా ఇస్తారు, కాబట్టి హోటల్‌కి వెళ్ళడానికి ఇబ్బంది లేదు. అత్తయ్య బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉన్నాయి. ఒక జత బట్టలు ఉన్నాయి.

"ఏందమ్మాయ్ ఆ తిరుగుడు? కాళ్ళు నొప్పి పుట్టవా?" అన్నారు అత్తయ్య.

"పెట్టె రాలేదంట అత్తయ్యా. విమానం వెళ్ళిపోతుందేమోనని."

"పెట్టె రాకపోతే మనల్ని పంపరు. ఇంతమందిని పంపకపోతే విమానం ఎవరి కోసం పోద్ది? కూర్చో."

విమానయాన సంస్థల లెక్క కూడా ఇదేనని విమానంలో నేనే అనుకున్నాను. అదే మాట ఆవిడ నోట వింటే గానీ కూర్చోబుద్ధి కాలేదు.

తొమ్మిదీ ముప్పైకి పిలిచారు. నేపాల్ కుర్రాడు కుర్చీలకి వేరుగా ఉన్న లైనులోంచి తీసుకెళ్ళాడు, ఒకే ఇంటివాళ్ళం కాబట్టి ఇద్దర్నీ కలిపి చూశారు. ఆఫీసర్ ముందు ఫోటో, వేలిముద్రలు తీసుకున్నాడు. అత్తయ్య వేళ్ళు సరిగ్గా పడలేదు. ఇన్నేళ్ళు అంట్లు తోమిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. తడి టిష్యూతో తుడిపించి మళ్ళీ పెట్టించాడు, పడ్డాయి.

ఎవరి ఇంటికి, ఎన్నాళ్ళు, అక్కడ ఏం చేస్తారు అని అడిగాడు. నాతో మాట్లాడుతున్నా చూపు అత్తయ్య మీదే ఉంది. ఆవిడకి ముందే చెప్పి ఉంచాను, ఏది అడిగినా నిజమే చెప్పండి, నేను ఇంగ్లీషులో చెబుతాను, అంతేగానీ ఎవరో నేర్పిన జవాబులు వద్దు అని. మరిది ఇంటికి, రెండు నెలలు, మనవరాలిని చూడడానికి. తిరుగు టికెట్ కాగితం చేతిలో సిద్ధంగా ఉంచుకున్నా అడగలేదు. తర్వాత తిండి సంగతి. పచ్చళ్ళు, పొడులు, అరిసెలు అని చెప్పాను. "మాంసం?" లేదు. "మాంసం పచ్చడి?" లేదు. "ఆకులు, విత్తనాలు, పళ్ళు?" లేవు. అతను మాంసం పచ్చడి గురించి విడిగా అడిగినప్పుడు, గుంటూరు వాళ్ళు అతనికి కొత్త కాదని అర్థమైంది.

అప్పుడు మానిటర్ మావైపు తిప్పాడు. నాలుగు పెట్టెల ఫోటోలు. ఇవి మీవేనా? హైదరాబాద్ నుంచి వచ్చే పెట్టెలన్నీ ఒకలాగే ఉంటాయి, పైన నైలాన్ తాడు, స్కెచ్ పెన్నుతో పేరు. మూడు గుర్తుపట్టాను. నాలుగో దాని మీద పేరు కనిపించే వైపు ఫోటోలో లేదు. నేను తటపటాయిస్తుంటే అత్తయ్య కుర్చీలోంచి ముందుకి వంగి, "మనదే. ఆ ముడి నేనేసిందే" అన్నారు. ఆఫీసర్ నావైపు చూశాడు. మాదే అన్నాను. పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేశాడు.

ఇక్కడ ఒక మాట. లోపలికి రానిచ్చిన గడువు ఎప్పటిదాకానో ఐ-94 రికార్డులో ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. విజిటర్ వీసాకి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. వీసా మీద తేదీని చూసుకుని గడువు అదే అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. రెండూ వేరు. పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా పడ్డాయో లేదో కూడా దిగిన వారంలోనే చూసుకోవడం మంచిది.

అటు పక్కన అడుగుపెడితే అమెరికా విమానాలకి మాత్రమే ఉన్న హాలు. బాత్రూమ్‌కి వెళ్ళే టైము మాత్రం దొరికింది. గేటు దగ్గర ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. విమానం అరగంట ఆలస్యంగా బయల్దేరింది, మా తర్వాత కూడా మా హైదరాబాద్ విమానం వాళ్ళు ఒగరుస్తూ వచ్చి ఎక్కారు. కారం ప్యాకెట్టు ఆయన ఆఖర్లో వచ్చారు. ప్యాకెట్టు సంగతి అడగలేదు.

చికాగోలో చెప్పినట్టే జరిగింది. విమానం దిగడం, కుర్చీ రావడం, నేరుగా సామాను బెల్టు దగ్గరికి వెళ్ళడం. ఒక్క కౌంటర్ లేదు, ఒక్క ప్రశ్న లేదు. నాలుగు పెట్టెలూ వచ్చాయి, అత్తయ్య ముడితో సహా. దిగిన ముప్పావు గంటలో బయట ఉన్నాం.

మరిది మాత్రం లేడు. ఫోన్ చేస్తే ఇంట్లోనే ఉన్నాడు. ఎంత చెప్పినా అబుదాబి సంగతి వాడి తలకెక్కలేదు, ఇమిగ్రేషన్‌కి రెండు గంటలు పడుతుందని లెక్కేసుకుని స్నానానికి వెళ్ళాడట. నేపర్‌విల్ నుంచి చికాగో విమానాశ్రయం ఓహేర్‌కి ఎలా లేదన్నా ముప్పావు గంట. అత్తయ్య ఫోన్ తీసుకుని, "అక్కడెక్కడో అన్నీ చూసేసి పంపించార్రా, నీ కోసమే కూర్చున్నాం, దుప్పటి ఒకటి పట్రా" అని పెట్టేశారు.